కొత్త ప్రొడక్ట్ నిలదొక్కుకుందా? లాంచ్ తర్వాత లెక్క తేల్చే పద్ధతి

లాంచ్ రోజు అందరూ ఏదో ఒక అంకె చుట్టూ మూగుతారు. ఎన్ని డౌన్‌లోడ్లు, ఎన్ని ఆర్డర్లు, సైట్‌కి ఎంతమంది వచ్చారు. నేను పనిచేసిన ఒక టీంలో మొదటి వారమే 2,300 మంది సైన్ అప్ అయ్యారని కేక్ కోశాం. మూడో వారంలో మా టీంలోని ఒకమ్మాయి ఓపిగ్గా కూర్చుని ఆ లిస్టు మొత్తం చూసింది. అందులో నాలుగు వందల పైచిలుకు అకౌంట్లు మావే! టెస్టింగ్ కోసం తెరిచినవి, సేల్స్ వాళ్లు డెమోకి చేసుకున్నవి, మొహమాటానికి చేరిన మా చుట్టాలవి. మిగిలినవాళ్లలో రెండోసారి లాగిన్ అయినవాళ్లు 180 మంది. కేక్ దిగినంత తేలిగ్గా ఆ అంకె గొంతు దిగలేదు.

అప్పట్నుంచి ఏ కొత్త ప్రొడక్ట్ గురించైనా నేను ముందు అడిగేది ఒక్కటే: మనం పిలవకుండా, ఆఫర్ చూపించకుండా, రెండోసారి ఎంతమంది వచ్చారు? దీనికి నిఖార్సైన జవాబు రాబట్టడానికి ఏ వరసలో ఏం చేయాలో కింద రాశాను. యాప్ అయినా, ప్యాకెట్లో అమ్మే సరుకైనా దారి ఇంచుమించు ఇదే.

1. లాంచ్‌కి ముందే ఒక కాగితం రాసుకోండి

కాకి పిల్ల కాకికి ముద్దు. లాంచ్ అయ్యాక డాష్‌బోర్డ్ తెరిస్తే పదిహేను అంకెల్లో రెండు మూడైనా పైకి వెళ్తూ కనిపిస్తాయి. వాటినే పట్టుకుని "బాగానే ఉంది" అనుకోవడం మానవ సహజం. అందుకే దేన్ని గెలుపు అనాలో ఫలితాలు చూడకముందే రాసి పెట్టుకోవాలి. ఒక్క పేజీ చాలు. బిల్లులు పంపుకునే ఒక యాప్ అనుకుంటే అది ఇలా ఉండొచ్చు:

- ఎవరి కోసం: సొంతంగా పనిచేసుకుంటూ నెలకు పది పదిహేను బిల్లులు పంపేవాళ్లు.
- తీరే అవసరం: ఎవరు డబ్బు కట్టారో, ఎవరు కట్టలేదో గుర్తుపెట్టుకునే బాధ పోవడం.
- గెలుపు: చేరిన ప్రతి వందమందిలో 25 మంది మూడో నెలలో కూడా కనీసం మూడు బిల్లులు పంపాలి.
- ఓటమి: ఆ సంఖ్య 10కి చేరకపోతే.
- తేల్చే రోజు: లాంచ్ అయిన 120వ రోజు.

పదికీ ఇరవై అయిదుకీ మధ్యలో ఆగితే ఏం చేస్తారో కూడా రాయండి. "ఇంకో 60 రోజులు, ఇంత ఖర్చు, ఆ తర్వాత మళ్లీ ఇదే లెక్క" అన్నట్టు. చాలామంది గెలుపు గీత రాసి ఓటమి గీత దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు, అది రాస్తే అపశకునం అన్నట్టు. నన్నడిగితే రెండింట్లో ఓటమి గీతే ముఖ్యం. అది లేకపోతే ప్రతి మీటింగులోనూ "ఇంకో నెల చూద్దాం" అనే మాటే గెలుస్తుంది.

ఈ 25 ఎక్కడి నుంచి రావాలి? మీ పాత ప్రొడక్టుల చరిత్ర ఉంటే అక్కడి నుంచి. లేకపోతే కింద ఆరో అడుగులో చెప్పే డబ్బు లెక్కను వెనక్కి వేసి రాబట్టండి: ఎంతమంది నిలిస్తే పెట్టిన ఖర్చు తిరిగొస్తుంది? అదీ కుదరకపోతే ఊహించే రాయండి, పర్లేదు. రాసిన ఊహ తప్పయితే తప్పని తెలుస్తుంది, రాయని ఊహ ఎప్పటికీ రైటే.

తేల్చే రోజును ప్రొడక్ట్ స్వభావమే నిర్ణయించాలి. రోజూ వాడే వస్తువైతే నెల రోజుల్లో చాలా తెలిసిపోతుంది. నెలకోసారి కొనేదైతే కనీసం మూడు నాలుగు నెలలు ఆగాలి. మామూలుగా ఎంత కాలానికోసారి అవసరం పడుతుందో, అలాంటి మూడు విడతలు గడవకుండా తీర్పు చెప్పకండి.

2. లెక్కల పుస్తకం శుభ్రం చేసుకోండి

ఇది బోరు కొట్టే పని. కానీ మా కేక్ కథ మొత్తం ఇక్కడే జరిగింది. సొంత సిబ్బంది, టెస్ట్, డెమో అకౌంట్లను మొదటి రోజు నుంచే విడిగా గుర్తు పెట్టండి. "యాక్టివ్ యూజర్" అంటే మీ దృష్టిలో ఎవరో ఒక వాక్యంలో రాయండి. యాప్ తెరిచి మూసినవాడు యాక్టివ్ కాడు, బిల్లు పంపినవాడే యాక్టివ్. నమోదు కావాల్సిన పనులన్నీ నమోదవుతున్నాయో లేదో లాంచ్‌కి ముందే మీ ఫోన్‌లో మీరే చేసి చూసుకోండి. లాంచ్ అయ్యాక చూస్తే పోయిన వారాల డేటా ఎవరూ తెచ్చివ్వలేరు. పాత ప్రొడక్టులు ఉంటే వాటి గత ఏడాది అమ్మకాలు నెలలవారీగా తీసి పక్కన పెట్టండి, ఎనిమిదో అడుగులో వాటితో పని పడుతుంది.

3. రుచి చూసింది ఎంతమంది?

వెయ్యి మంది చేరారు. వాళ్లలో 640 మంది వివరాలు నింపారు. మొదటి బిల్లు పంపింది 310 మంది. అంటే 690 మంది ప్రొడక్టును అసలు రుచే చూడలేదు. "వాళ్లకి నచ్చలేదు" అని రాసేసుకుంటే తప్పు. వాళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లారంతే.

ఎక్కడ ఆగారో డేటా చెబుతుంది. ఎందుకు ఆగారో చెప్పదు. దానికి ఐదుగురు కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, నోరు మెదపకుండా, వాళ్లు వాడుతుంటే చూడాలి. నోరు మెదపకుండా ఉండటమే కష్టం. మాకు ఒకసారి లోగో పెట్టమనే పేజీ దగ్గర సగం మంది ఆగిపోతున్నారు. లోగో తప్పనిసరి కాదు, కింద "తర్వాత చూద్దాం" అనే బటన్ ఉంది. ఒకాయన పక్కన కూర్చుని చూస్తే అసలు సంగతి తెలిసింది. పైనున్న పేరు గడిలో వేలు పెట్టగానే కీబోర్డ్ లేచి, ఆ బటన్‌ను పూర్తిగా కప్పేస్తోంది. ఆయనకు లోగో లేదు, బటన్ కనపడలేదు, ఫోన్ పక్కన పెట్టేశాడు. ఇలాంటి దాన్ని సరిచేయకుండా ప్రొడక్ట్ ఫెయిల్ అని తేల్చేస్తే అన్యాయం.

4. మూణ్ణాళ్ల ముచ్చటా, నిలిచే అలవాటా?

అసలు పరీక్ష ఇదే. ఒకే వారంలో చేరినవాళ్లను ఒక జట్టుగా తీసుకుని, ఆ జట్టులో ఎంతమంది తర్వాతి వారాల్లోనూ వాడుతున్నారో వరసగా రాయాలి. ఇలాంటి జట్టునే కోహార్ట్ అంటారు. ఎక్సెల్ షీట్ సరిపోతుంది. రెండు యాప్‌లు, చెరొక వెయ్యి మంది అనుకుందాం:

| చేరాక | మొదటి యాప్ | రెండో యాప్ |
|---|---|---|
| 1వ వారం | 410 | 620 |
| 2వ వారం | 300 | 390 |
| 3వ వారం | 262 | 240 |
| 4వ వారం | 250 | 150 |
| 6వ వారం | 244 | 62 |
| 8వ వారం | 241 | 24 |

రెండో వారం ఆఖర్లో మీటింగ్ పెడితే రెండో యాప్ టీంకే చప్పట్లు. మూడో వారంలో బండి తిరగబడింది. మొదటి యాప్‌లో మొదట చాలామంది పోయారు, కానీ నాలుగో వారం తర్వాత పోవడం దాదాపు ఆగింది. ఆ 240 మందికి అది పనికొస్తోంది. రెండోది చిల్లు కుండ.

ఇంకో మోసం చూడండి. రెండో యాప్‌కి ప్రతి వారం కొత్తగా వెయ్యి మంది వస్తూనే ఉన్నారనుకోండి. మొత్తం యాక్టివ్ యూజర్ల గ్రాఫ్ మొదటి ఎనిమిది వారాలూ పైకే వెళ్తుంది, ఆపైన (ఆ వారం కొత్తగా వచ్చిన వెయ్యి మందినీ కలిపి) సుమారు 2,600 దగ్గర చదునవుతుంది. ప్రకటనలు ఆపిన వారం నుంచి జారుతుంది. మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తూ కూర్చుంటే ఈ రోగం రెండు నెలల దాకా బయటపడదు. జట్ల లెక్క చూసేవాళ్లకు మూడు నాలుగు వారాల్లో తెలిసిపోతుంది.

కాబట్టి జట్టు గ్రాఫ్ గీత ఎక్కడ మొదలైందని కాకుండా ఎక్కడైనా చదును అవుతోందా అని చూడండి. ఆ తర్వాత ఒక జట్టును ఇంకో జట్టుతో పోల్చండి. మొదటి నెలలో చేరినవాళ్లలో నాలుగో వారానికి వందకు 12 మంది మిగిలితే, మూడో నెలలో చేరినవాళ్లలో 19 మంది మిగిలితే, మీరు చేస్తున్న మార్పులు పనిచేస్తున్నట్టే.

పెద్ద కంపెనీలూ ఈ లెక్కకు అతీతం కాదు. గూగుల్ వాళ్ల సోషల్ నెట్‌వర్క్ గూగుల్ ప్లస్ 2011లో వచ్చింది. 2018 అక్టోబర్‌లో దాన్ని మూసేస్తున్నామని చెబుతూ గూగుల్ తానే ఒక మాట బయటపెట్టింది: వాడకందారులు దాన్ని తెరిచిన సందర్భాల్లో 90 శాతం అయిదు సెకన్లు కూడా నిలవలేదు. అకౌంట్ల సంఖ్యకేం, కోట్లలో ఉండేది. అలాగని మొదట్లో జనం తగ్గగానే కంగారు పడనక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ సోషల్ మీడియా యాప్ థ్రెడ్స్ 2023 జులైలో వచ్చి అయిదు రోజుల్లోనే పది కోట్ల మందిని చేర్చుకుంది, ఆ తర్వాత కొన్ని వారాల్లో రోజువారీ వాడకం బాగా పడిపోయింది. పని అయిపోయిందన్నారు చాలామంది. కానీ 2024 చివరికి నెలకు 27 కోట్ల మందికి పైగా వాడుతున్నట్టు మెటా చెప్పింది. మొదటి వారం ఉప్పెననూ, రెండో నెల తగ్గుదలనూ విడివిడిగా నమ్మితే రెండుసార్లూ తప్పులో కాలేసినట్టే అయ్యేది.

5. ప్యాకెట్లో అమ్మే సరుకైతే

ఇక్కడ లాగిన్లు ఉండవు. అయినా సూత్రం అదే: మొదటిసారి కొన్నవాళ్లు, మళ్లీ కొన్నవాళ్లు. ఒక సరుకు మూడు నెలల్లో 5,000, 5,500, 5,400 ప్యాకెట్లు పోయింది. ఇంకోటి 2,000, 2,300, 2,700. ఏది బాగుంది? పైపైన చూస్తే మొదటిదే. విడదీసి చూడండి. మొదటిదాని మూడో నెల 5,400లో 4,400 కొత్తవాళ్లు కొన్నవి, వెయ్యి మాత్రమే తిరిగొచ్చినవాళ్లవి. రెండోదాని 2,700లో 1,700 తిరిగొచ్చినవాళ్లవే. కొత్తవాళ్లు ఎప్పటికైనా అయిపోతారు. అప్పుడు మొదటిది కూలబడుతుంది, రెండోది నిలబడుతుంది.

ఈ విడదీత కోసం కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు, లాయల్టీ కార్డు, ఆన్‌లైన్ ఆర్డర్లు ఏవి ఉన్నా వాడుకోండి. ఏవీ లేకపోతే కొన్ని దుకాణాల్లో కౌంటర్ దగ్గర నిలబడి "ఇది మొదటిసారా?" అని అడగటమే మార్గం. చాదస్తంలా కనిపిస్తుంది, పని చేస్తుంది.

ఇంకో జాగ్రత్త. ప్రైమరీ సేల్స్ చూసి పొంగిపోకండి. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్ గోదాముకు వెళ్లిన సరుకు అమ్ముడైనట్టు కాదు, చోటు మారినట్టు. అక్కడి నుంచి దుకాణానికి ఎంత వెళ్లింది, దుకాణం నుంచి చేతికి ఎంత వెళ్లింది, రెండో ఆర్డర్ దుకాణదారు తనంతట తాను పెట్టాడా లేక సేల్స్‌మన్ బతిమాలితే పెట్టాడా, ఇవీ చూడాల్సినవి. అమెజాన్ 2014లో ఫైర్ ఫోన్ తెచ్చినప్పుడు అమ్ముడుపోని స్టాక్, సరఫరాదారులకు ఇచ్చిన మాటల కింద ఒక్క త్రైమాసికంలోనే సుమారు 17 కోట్ల డాలర్లు నష్టంగా రాసుకోవాల్సి వచ్చింది.

పదేళ్లకోసారి కొనే వస్తువుకు రెండో కొనుగోలు కోసం ఎదురుచూడలేం. అక్కడ వాపసులు, వారంటీ ఫిర్యాదులు, కొన్నవాళ్ల మాట మీద వచ్చిన కొత్తవాళ్లు, విడిభాగాల కొనుగోళ్లు చూడాలి. ఫిల్టర్ కొంటున్నాడంటే మెషీన్ వాడుతున్నాడనే.

6. డబ్బు లెక్క

వాడకం బాగుంది సరే, ఒక్కో అమ్మకం మీద ఏమైనా మిగులుతోందా? అమ్మకం ధర 100 అనుకోండి. తయారీకి 60, ప్యాకింగ్, డెలివరీకి 12, వాపసుల నష్టం 5, కస్టమర్ కేర్ 3. మిగిలింది 20. ఒక కొత్త కస్టమర్‌ను తెచ్చుకోవడానికి ప్రకటనలకు, డిస్కౌంట్లకు అయ్యేది 70. అంటే అదే మనిషి నాలుగోసారి కొంటే గానీ పెట్టింది తిరిగిరాదు. సగటున రెండుసార్లే కొంటున్నారంటే ప్రతి కొత్త కస్టమర్ మీదా 30 పోతోంది. ఎంత ఎక్కువ అమ్మితే అంత ఎక్కువ నష్టం. ఇందులో ఆఫీసు అద్దె, జీతాలు ఇంకా కలపనేలేదు.

డిస్కౌంటుతో వచ్చినవాళ్లను, పూర్తి ధరకు వచ్చినవాళ్లను వేర్వేరు జట్లుగా చూడటం తప్పనిసరి. ఉచిత ట్రయల్ ఉంటే అది ముగిసిన మరుసటి రోజు నుంచే మీ అసలు లాంచ్ మొదలవుతుంది. క్విబీ అనే వీడియో సర్వీసు సుమారు 175 కోట్ల డాలర్ల పెట్టుబడితో 2020 ఏప్రిల్‌లో మొదలైంది, మొదట్లో చేరినవాళ్లకు 90 రోజులు ఉచితం అంది. అదే ఏడాది అక్టోబర్‌లో మూసేస్తున్నట్టు ప్రకటించింది.

7. మనుషుల్ని అడగండి, మొహమాటాన్ని తీసేసి లెక్కేసుకోండి

"మా ప్రొడక్ట్ ఎలా ఉంది?" అంటే ఎవరైనా బాగుందనే అంటారు. ఎదురుగా ఉన్న మనిషిని నొప్పించడం ఎందుకని. "వచ్చే నెల కొంటారా?" అన్నదీ అంతే, ఖర్చు లేని మాట. జరిగినదాన్ని అడగండి: "పోయినసారి ఎప్పుడు వాడారు? అప్పుడు ఏం పని పడింది? ఇది లేనప్పుడు ఆ పని ఎలా చేసేవారు?"

సర్వేలో ఒక్క ప్రశ్నకే చోటుంటే నేను స్టార్టప్ మార్కెటింగ్ నిపుణుడు షాన్ ఎలిస్ ప్రాచుర్యంలోకి తెచ్చిన ప్రశ్న పెడతాను: "రేపటి నుంచి ఇది మీకు దొరకదంటే ఎలా అనిపిస్తుంది?" చాలా బాధపడతాం, కొంచెం బాధపడతాం, ఏమీ అనిపించదు, ఇవి జవాబులు. "చాలా బాధపడతాం" అన్నవాళ్లు 40 శాతం దాటితే ప్రొడక్ట్ సరైన చోట పడిందని ఆయన చెప్పే కొండగుర్తు. ఇది కొలబద్దే గానీ శాసనం కాదు. పైగా కనీసం రెండుసార్లు, ఈమధ్యే వాడినవాళ్లనే అడగాలి.

ఎంతమందిని అడిగారన్నదీ చూసుకోండి. 20 మందిలో 9 మంది అలా అంటే 45 శాతం, గెలిచేశాం అనిపిస్తుంది. కానీ అంత చిన్న గుంపులో అసలు నిజం దాదాపు 23 నుంచి 67 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 400 మందిని అడిగి అదే 45 వస్తే 40 నుంచి 50 మధ్య ఉందని ధైర్యంగా అనొచ్చు.

ఇక తప్పు ప్రశ్న అడిగితే ఎంతమందిని అడిగినా లాభం లేదు. కోకా కోలా తన కొత్త ఫార్ములాను సుమారు రెండు లక్షల మందికి రుచి చూపించింది, పాతదానికంటే నచ్చిందన్నవాళ్లే ఎక్కువ. 1985 ఏప్రిల్ 23న మార్కెట్లోకి దించింది. జులైలో, 79 రోజులకే, పాతదాన్ని వెనక్కి తేవాల్సొచ్చింది. ఒక గుక్క తాగించి ఏది బాగుందని అడిగారు గానీ, పాతది ఇక ఉండదంటే ఎంత కోపం వస్తుందో ఆ పరీక్ష పట్టుకోలేకపోయింది.

8. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకుంటున్నామా?

కొత్తది నెలకు 3,000 అమ్మింది. అదే సమయంలో మీ పాత మోడల్ 10,000 నుంచి 8,200కి దిగింది. సీజన్ వల్ల తగ్గిందా అని పోయిన ఏడాది లెక్కతో పోల్చి చూడండి. కాదని తేలితే నికరంగా పెరిగింది 1,200 మాత్రమే. కొత్తదాని మీద మిగిలేది పాతదానికంటే తక్కువైతే ఆ 1,200 కూడా కాగితం మీది సంబరమే. వీలైతే కొన్ని ప్రాంతాల్లో లాంచ్‌ను రెండు నెలలు ఆపి ఉంచండి. లాంచ్ చేసిన చోటికీ చేయని చోటికీ తేడాయే మీ ప్రొడక్ట్ తెచ్చిన అసలు మార్పు.

ఇక్కడే ఇంకో మాట. ఒక అంకెను టార్గెట్‌గా పెట్టగానే జనం దాన్ని పెంచే అడ్డదారులు వెతుకుతారు. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన ఈ సంగతి యాప్‌లకూ అతికినట్టు సరిపోతుంది. రోజువారీ సందర్శనలు పెంచమంటే టీం గంటకో నోటిఫికేషన్ పంపుతుంది. సందర్శనలు పెరుగుతాయి, అన్ఇన్‌స్టాల్స్ కూడా. అందుకే ప్రతి టార్గెట్‌కీ ఒక కాపలా అంకెను జత చేయండి: అమ్మకాలకు వాపసులు, సందర్శనలకు అన్ఇన్‌స్టాల్స్, వేగానికి ఫిర్యాదులు.

9. తేల్చే రోజు

మొదటి అడుగులో రాసిన కాగితాన్ని టేబుల్ మీద పెట్టండి. డాష్‌బోర్డ్ తర్వాత. ముందు కాగితం చదవాలి, ఆ తర్వాతే అంకెలు చూడాలి. ఈ వరస తారుమారైతే గీతలు జరగడం మొదలవుతుంది.

గెలుపు గీత దాటితే పెద్ద చర్చ అవసరం లేదు. ఓటమి వైపు ఉంటే మెట్లు ఎక్కడ విరిగాయో వెతకండి. జనానికి తెలియలేదా, తెలిసినా వాడి చూడలేదా, చూసినా తిరిగి రాలేదా? మొదటి రెండూ సరిచేయగలిగినవి. 3ఎం కంపెనీ అంటుకునే చిన్న కాగితాలను 1977లో ప్రెస్ ఎన్ పీల్ పేరుతో నాలుగు నగరాల్లో అమ్మి చూస్తే పెద్దగా పోలేదు. మరుసటి ఏడాది బాయిసీ నగరంలో ఆఫీసులకు ఊరికే పంచి వాడించారు. వాడినవాళ్లలో 90 శాతానికి పైగా కొంటామన్నారు. 1980లో పోస్ట్ ఇట్‌గా అమెరికా అంతటా వచ్చింది. అక్కడ విరిగింది రెండో మెట్టు, వాడి చూడటం.

కానీ వాడి చూసినవాళ్లే తిరిగి రావట్లేదంటే మార్కెటింగ్‌ను తిట్టి లాభం లేదు. అది ఆడలేక మద్దెల ఓడు అనడం. ప్రకటనల ఖర్చు ఆ రోజే ఆపండి. వెళ్లిపోయినవాళ్లలో పదిహేను మందికి, ఇంకా గట్టిగా పట్టుకుని వాడుతున్నవాళ్లలో పదిహేను మందికి ఫోన్ చేయండి. రెండో గుంపు మాటలు ఇంకా జాగ్రత్తగా వినండి. ఒక్కోసారి మీరు అనుకున్న మనుషులు కాక వేరేవాళ్లెవరో దాన్ని వేరే పనికి వాడుతుంటారు. వాళ్ల జట్టు గీత ఒక్కటే గీసి చూస్తే చదునుగా నిలబడి ఉండొచ్చు. అలా ఉంటే కాగితం మళ్లీ రాయండి, "ఎవరి కోసం" అన్న మొదటి వరస నుంచి, కొత్త తేదీతో.

లేకపోతే మూసేయడమే. మిగిలిన కొద్దిమందికి ముందుగా చెప్పండి, వాళ్ల డేటా దించుకోవడానికి రెండు నెలలు గడువివ్వండి, ముందే కట్టిన డబ్బుంటే అడక్కముందే తిరిగిచ్చేయండి. మీ తర్వాతి ప్రొడక్ట్ మొదటి కోహార్ట్‌లో ఉండేది చాలావరకు వీళ్లే.